ఫీజు తక్కువే, మరి ఖర్చెక్కడ? ఎంఎస్‌డబ్ల్యూ చదువు లెక్కలు

మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. కూతురికి తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్‌లో ఎంఎస్‌డబ్ల్యూ, అంటే సోషల్ వర్క్ పీజీ సీటు వచ్చిందట. సంతోషం సగం, అనుమానం సగం. "అన్నా, నాకు తెలిసిన సోషల్ వర్కర్ అంటే ఖద్దరు చొక్కా వేసుకుని ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే ఆయనే. అందుకు రెండేండ్లు కాలేజీకి పోవాల్నా?" అన్నాడు. నవ్వొచ్చింది కానీ తీసిపారేసే ప్రశ్నేమీ కాదు. కాసేపాగి తనే అన్నాడు: "పోనీలే, ఫీజైతే తక్కువేనట."

ఫీజు తక్కువే. ఆ మాట నిజం కాబట్టే చాలామంది లెక్క అక్కడితో ఆపేస్తారు. ఈ చదువులో అసలు ఖర్చు ఫీజు రసీదు మీద కనపడదు. రాబడి కూడా మార్కుల మీద కన్నా, ఉద్యోగ ప్రకటనలో 'అర్హత' అనే గడిలో ఏం రాశారన్న దాని మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ఈ రెండూ విడివిడిగా చూద్దాం.

## సమాజ సేవ వేరు, సోషల్ వర్క్ చదువు వేరు

సమాజ సేవ ఎవరైనా చేయొచ్చు, దానికి పట్టా అక్కర్లేదు. సోషల్ వర్క్ అనే చదువు నేర్పేది వేరు. కష్టంలో ఉన్న మనిషితో ఎలా మాట్లాడాలి, అతని కేసు ఎలా రాయాలి, అతన్ని ఏ చట్టానికీ ఏ పథకానికీ ఏ ఆసుపత్రికీ కలపాలి, బస్తీలో పదిమందిని ఒకచోట ఎలా కూర్చోబెట్టాలి, ఇవీ పాఠాలు. డిగ్రీ స్థాయిలో బీఎస్‌డబ్ల్యూ, పీజీలో ఎంఎస్‌డబ్ల్యూ. అమెరికాలో దీనికి దగ్గరగా 'హ్యూమన్ సర్వీసెస్' అనే డిగ్రీ ఒకటుంది. అది సోషల్ వర్క్‌కు చుట్టమే కానీ అదే కాదు. తేడా చివర్లో చెబుతాను, డబ్బు దగ్గర ఆ తేడా చాలా పెద్దది.

మన దేశంలో ఈ చదువు 1936లో బొంబాయిలో మొదలైంది. నాగ్‌పాడాలో బస్తీ జనం మధ్య ఒక సేవా కేంద్రం నడుపుతున్న క్లిఫర్డ్ మాన్‌షార్ట్ అనే అమెరికన్ మొదటి డైరెక్టరు. సర్ దొరాబ్జీ టాటా పేరుతో పెట్టిన ఆ స్కూలే 1944లో టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అయింది. మనం టిస్ అంటున్నది దాన్నే. ఇప్పుడు దానికి హైదరాబాద్‌లోనూ క్యాంపస్ ఉంది. తెలుగు రాష్ట్రాల్లో ఆంధ్ర, ఉస్మానియా, కాకతీయ, పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల్లో ఈ కోర్సు చాలాకాలంగా నడుస్తోంది. గచ్చిబౌలిలో రోడా మిస్త్రీ కాలేజీ ప్రత్యేకంగా దీనికోసమే పుట్టింది.

ఎంఎస్‌డబ్ల్యూలో స్పెషలైజేషన్లు ఉంటాయి: కమ్యూనిటీ డెవలప్‌మెంట్, కుటుంబ శిశు సంక్షేమం, మెడికల్ అండ్ సైకియాట్రిక్, లేబర్ వెల్ఫేర్ లేదా హెచ్‌ఆర్. రెండో ఏడాదిలో ఏదో ఒకటి ఎంచుకుంటారు. చాలామంది స్నేహితురాలు ఏది తీసుకుంటే అదే తీసుకుంటారు. ఉద్యోగం దగ్గర తేడా తెచ్చేది మాత్రం అదే.

## ఫీజు, రీయింబర్స్‌మెంట్, మధ్యలో ఇరుక్కునే సర్టిఫికెట్లు

రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రెగ్యులర్ సీటైతే ఏడాదికి వేలల్లోనే పోతుంది. సెల్ఫ్ ఫైనాన్స్ సీటైతే ఎక్కువ. టిస్ లాంటి చోట హాస్టలు, మెస్సు కలిపితే రెండేళ్లకు లక్షల్లోకి వెళ్తుంది. ఒకప్పుడు టిస్‌కు సొంత పరీక్ష ఉండేది, 2023 నుంచి దేశమంతటికీ ఉమ్మడిగా పెట్టే ప్రవేశ పరీక్ష సీయూఈటీ పీజీ ద్వారా తీసుకుంటున్నారు. ఫీజు అక్కడ చిన్న విషయం కాదని 2018లో అందరికీ తెలిసింది. పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ వచ్చే దళిత, గిరిజన విద్యార్థులకు అంతకుముందున్న ఫీజు వెసులుబాటు తీసేశారని విద్యార్థులు తరగతులు మానేసి కూర్చున్నారు. మరుసటి ఏడాది హాస్టల్ ఖర్చు మీద హైదరాబాద్ క్యాంపస్‌లో గొడవ జరిగింది.

మన దగ్గర 2008 ప్రాంతం నుంచి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. ఇందులో రెండు మెలికలు. మొదటిది ఆంధ్రప్రదేశ్‌ది. 2020 డిసెంబరులో వచ్చిన జీవో 77, ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లను ఆ పథకం నుంచి తప్పించింది. అంటే అదే ఎంఎస్‌డబ్ల్యూ, యూనివర్సిటీ క్యాంపస్‌లో చదివితే ఒక లెక్క, పక్క ఊరి ప్రైవేటు కాలేజీలో చదివితే ఇంకో లెక్క అయింది. విద్యార్థి సంఘాలు చాలాకాలం దాని మీదే పోరాడాయి. రెండోది తెలంగాణలో ఎక్కువగా వినపడేది, బకాయిలు. ప్రభుత్వం డబ్బు విడుదల చేయదు, కాలేజీ ఒరిజినల్స్ ఇవ్వదు. కాంట్రాక్టు పోస్టుకు ఎంపికై, వెరిఫికేషన్‌కు వారం గడువుందనగా ఫీజు చేతి నుంచి కట్టి సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. కాగితం మీద వాళ్లు ఉచితంగా చదివినట్టే.

ఎస్సీ విద్యార్థుల పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్‌లో కేంద్రం 60, రాష్ట్రం 40 శాతం భరించాలన్న పద్ధతి 2020-21 నుంచి అమల్లోకి వచ్చింది. కుటుంబ ఆదాయం రెండున్నర లక్షలు దాటకూడదు.

## మంగళవారం, శుక్రవారం: ఫీల్డ్ వర్క్ అసలేమిటి

ఈ చదువును మిగతా పీజీల నుంచి వేరు చేసేది ఫీల్డ్ వర్క్. మామూలుగా వారానికి రెండు రోజులు క్లాసులుండవు. విద్యార్థిని ఒక ఆసుపత్రికో బాలల గృహానికో బస్తీకో ఫ్యాక్టరీకో పంపుతారు. వారం పది రోజులు పల్లెలో రూరల్ క్యాంపు ఉంటుంది. చివర్లో నెలకు అటూ ఇటూగా ఒకేచోట ఉండి పనిచేయాలి, దాన్ని బ్లాక్ ప్లేస్‌మెంట్ అంటారు. వీటన్నిటికీ మార్కులుంటాయి. జీతం ఉండదు.

నా ఫీల్డ్ వర్క్ రికార్డు ఇప్పటికీ బీరువాలో ఉంది. పొడుగు నోట్‌బుక్, గోధుమరంగు అట్ట. మాకు మంగళ, శుక్రవారాలు. మొదటి రోజు ఒక బస్తీలో ఇల్లిల్లూ తిరిగి నాలుగు పేజీలు రాశాను. ఎన్ని ఇళ్లు, ఎన్ని కుళాయిలు, అంగన్‌వాడీ ఎంత దూరం, అన్నీ ఉన్నాయి. ఒక ముసలమ్మ "లోను ఇప్పిస్తవా బిడ్డా?" అని అడిగితే "లేదమ్మా, చదువుకుంటున్నాను" అన్నాననీ నిజాయితీగా రాశాను. మా సార్ ఎర్ర ఇంకుతో కింద ఒకే ముక్క రాశారు: "చూశావు సరే. చేసిందేమిటి?" మరుసటి శుక్రవారం ఆమెకు పింఛను ఎందుకు ఆగిందో కనుక్కోవడానికి రెండు బస్సులు మారి మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాను. ఆధార్‌కు ముందు రోజులు, రేషన్ కార్డులో వయసు తప్పు పడింది. అది సరిచేయించేసరికి సెమిస్టర్ అయిపోయింది.

ఆ ఎర్ర ఇంకు ముక్కే ఈ చదువులో నాకు మిగిలిన పాఠం. ఇప్పుడు దానికైన ఖర్చు చూడండి. వారానికి రెండు రోజులు ఫీల్డు, నాలుగు రోజులు క్లాసు అంటే విద్యార్థి పార్ట్‌టైం ఉద్యోగం చేయలేడు. ఎంకాం చదువుతూ సాయంత్రాలు దుకాణంలో లెక్కలు రాసేవాళ్లున్నారు. ఎంఎస్‌డబ్ల్యూలో అది కష్టం, ఎందుకంటే సాయంత్రం రికార్డు రాయాలి. ఫీల్డ్ వర్క్‌కు పంపిన సంస్థ ఊరవతల పడితే బస్సు చార్జీలు మనవే. ఆడపిల్లలకు ఈమధ్య ఆ ఒక్క ఖర్చు తప్పింది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచితం. ఈ ఉచిత బస్సు చర్చల్లో ఫీల్డ్ వర్క్ చేసే పిల్లల మాట ఎవరూ ఎత్తగా నేను వినలేదు.

## లెక్క వేస్తే ఎంతవుతుంది

ఒక ఉదాహరణ తీసుకుందాం. అంకెలు లెక్క కోసం నేను పెట్టినవి, మీ ఊరి రేట్లు పెట్టి మార్చుకోవచ్చు. డిగ్రీ అయిన అబ్బాయి. ఎంఎస్‌డబ్ల్యూలో చేరకపోతే ఏదో ఒక షోరూములోనో ప్రైవేటు బడిలోనో నెలకు 12,000కు పని దొరికేది అనుకుందాం.

ఫీజు ఏడాదికి 20,000 చొప్పున రెండేళ్లకు 40,000. గది, తిండి నెలకు 5,000 చొప్పున ఇరవై నెలలకు లక్ష. ఫీల్డ్ వర్క్ నాలుగు సెమిస్టర్లు, ఒక్కోటి పదహారు వారాలు, వారానికి రెండు రోజులు, మొత్తం 128 రోజులు. రోజుకు చార్జీలు, టీ కలిపి 80 రూపాయలైతే 10,240. రూరల్ క్యాంపుకు 4,000, బ్లాక్ ప్లేస్‌మెంట్‌లో వేరే ఊళ్లో ఉండటానికి 8,000, ప్రాజెక్టు రిపోర్టు టైపింగు, బైండింగు 5,000. జేబులోంచి పోయింది 1,67,240.

పోయింది ఇదొక్కటే కాదు. సెలవులతో కలిపి ఇరవై రెండు నెలలు సంపాదించకుండా వదులుకున్న జీతం 2,64,000. రెండూ కలిపితే 4,31,240 రూపాయలు. అందులో ఫీజు వాటా పదో వంతు కూడా లేదు.

ఇప్పుడు రాబడి. కేంద్రం నడిపే మిషన్ వాత్సల్య కింద ప్రతి జిల్లాలో బాలల సంరక్షణ విభాగం ఉంటుంది. ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లు ఎక్కువగా చూసే ప్రకటనలు ఇవే. 2022 మార్గదర్శకాల్లో జీతాలు ఇలా పెట్టారు: సోషల్ వర్కర్‌కూ కౌన్సెలర్‌కూ నెలకు 18,536, ప్రొటెక్షన్ ఆఫీసర్‌కు 27,804, జిల్లా బాలల సంరక్షణ అధికారికి 44,023, అవుట్‌రీచ్ వర్కర్‌కు 10,592.

మన అబ్బాయికి సోషల్ వర్కర్ పోస్టు వస్తే 12,000 మీద అదనంగా వచ్చేది 6,536. పెట్టిన 4,31,240 తిరిగి రావడానికి 66 నెలలు, అంటే ఐదున్నరేళ్లు పడుతుంది. ఫీజు మొత్తం ప్రభుత్వమే కట్టిందనుకోండి, అప్పుడు అరవై నెలలు. ఇంత గొడవ పడే ఫీజు రీయింబర్స్‌మెంట్ ఈ లెక్కలో మార్చింది ఆరు నెలలు. అదే ప్రొటెక్షన్ ఆఫీసర్ పోస్టు వస్తే రెండేళ్ల మూడు నెలల్లో వచ్చేస్తుంది. ఇంకోవైపు, పరీక్షలయ్యాక ఉద్యోగం కోసం ఆరు నెలలు ఖాళీగా కూర్చుంటే 72,000 పోయినట్టు. అది రెండేళ్ల ఫీజు కన్నా ఎక్కువ. తల్లిదండ్రులు ఫీజు గురించి పది ఫోన్లు చేస్తారు, ఈ ఆరు నెలల గురించి ఒక్కటీ చేయరు.

షోరూములోనూ జీతం పెరుగుతుంది కదా అంటే, పెరుగుతుంది. అది కలిపితే లెక్క ఇంకా బిగుసుకుంటుంది. ప్రొటెక్షన్ ఆఫీసరు పైకి ఎదిగే అవకాశం కలిపితే సడలుతుంది.

## 'అర్హత' గడిలో ఏముంది

అసలు చిక్కు ఇప్పుడు. అదే మార్గదర్శకాల్లో సోషల్ వర్కర్ పోస్టుకు అడిగింది డిగ్రీ. సోషల్ వర్క్‌లోనో సోషియాలజీలోనో అయితే ప్రాధాన్యం, అంతే. కౌన్సెలర్‌కూ డిగ్రీయే. అవుట్‌రీచ్ వర్కర్‌కు ఇంటర్ చాలు. పీజీ అడిగేది ప్రొటెక్షన్ ఆఫీసర్ దగ్గర. అక్కడా సోషల్ వర్క్ ఒక్కటే కాదు. సోషియాలజీ, సైకాలజీ, లా వంటివి వరుసగా ఉంటాయి. పైగా డిగ్రీకి తోడు అనుభవం ఉన్నవాళ్లకూ తలుపు తెరిచే ఉంది.

అంటే మన అబ్బాయి ఐదున్నరేళ్లు పెట్టి తిరిగి రాబట్టుకుంటున్న ఆ 18,536 రూపాయల ఉద్యోగానికి అసలు ఎంఎస్‌డబ్ల్యూ అక్కర్లేదు. చదివినవాళ్లే పోటీ పడి ఆ పోస్టులోకి దిగుతున్నారు.

రాష్ట్ర ప్రభుత్వ రెగ్యులర్ పోస్టులు చూస్తే ఇంకో వింత. పేరులోనే 'వెల్ఫేర్' ఉన్న హాస్టల్ వెల్ఫేర్ ఆఫీసర్ పోస్టులు తెలంగాణలో 2022లో 581 ప్రకటించారు. గ్రేడ్-2కు అడిగింది డిగ్రీతో పాటు బీఈడీ. పిల్లలకు చదువు చెప్పించాలి కాబట్టి బీఈడీ అన్న వాదన కొట్టిపారేయలేం. కానీ అర్ధరాత్రి జ్వరం వచ్చిన పిల్లాణ్ణి, ఇంటి మీద బెంగతో గోడ దూకిన పిల్లాణ్ణి చూసుకునే పనికి ఎంఎస్‌డబ్ల్యూ పనికిరాదా అనే వాదనా అంతే బలమైనది. స్త్రీ శిశు సంక్షేమ శాఖలో సీడీపీఓ (శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి), సూపర్‌వైజర్ పోస్టులకు సోషల్ వర్క్ చెల్లుతుంది, అదీ హోం సైన్స్, సోషియాలజీల పక్కన. అవి ఎప్పుడో గానీ రావు, వచ్చినప్పుడు పోటీ రాత పరీక్షలో. ఆ పరీక్షకు పనికొచ్చేది ఫీల్డ్ వర్క్ కాదు, జనరల్ స్టడీస్ పుస్తకం.

లెక్చరర్ అవ్వాలనుకునేవాళ్లకు యూజీసీ నెట్‌లో సోషల్ వర్క్ ఒక సబ్జెక్టుగా ఉంది. అది వేరే దారి.

## ఎన్జీవో డబ్బు ఎటు పోతే ఉద్యోగం అటు

రెండు వేల తొలినాళ్లలో ఈ చదువుకు ఒక వెలుగు వచ్చింది, నిజంగానే దాని పేరు వెలుగు. 2000లో ఉమ్మడి రాష్ట్రంలో పెట్టిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ సెర్ప్, వెలుగు పథకం కింద ఊరూరా మహిళా సంఘాలు కట్టే పనిలో కోఆర్డినేటర్లను పెద్ద ఎత్తున తీసుకుంది. మా బ్యాచ్‌లో చాలామంది అలా మండలాలకు వెళ్లినవాళ్లే. ఆ తరం స్థిరపడింది. కొత్తవాళ్లకు అంత పెద్ద తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

తర్వాత రెండు చట్టాలు డబ్బు దారి మళ్లించాయి. 2014 ఏప్రిల్ నుంచి పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. 500 కోట్ల నికర విలువో, 1,000 కోట్ల టర్నోవరో, 5 కోట్ల లాభమో ఉన్న కంపెనీలకు ఇది వర్తిస్తుంది. ఈ సీఎస్ఆర్ డబ్బుతో హైదరాబాద్, విశాఖలాంటి చోట్ల ప్రోగ్రాం ఆఫీసర్ ఉద్యోగాలు వచ్చాయి. జీతం ఎన్జీవోల కన్నా మెరుగు. కానీ ఇంగ్లీషులో రిపోర్టు రాయగలగాలి, ఎక్సెల్ రావాలి. పల్లె కాలేజీలో చదివిన పిల్లలు ఇంటర్వ్యూలో తడబడేది ఇక్కడే.

2020లో విదేశీ నిధుల చట్టం, అదే ఎఫ్‌సీఆర్‌ఏ, సవరించారు. అంతకుముందు విదేశీ నిధుల్లో 50 శాతం దాకా పరిపాలన ఖర్చులకు వాడుకోవచ్చు, దాన్ని 20కి తగ్గించారు. ఒక సంస్థ తీసుకున్న విదేశీ డబ్బును ఇంకో సంస్థకు ఇవ్వకూడదన్నారు. దుర్వినియోగం ఆపడానికి అని ప్రభుత్వం చెప్పింది. నిజమే, పేరుకే ఉన్న ఎన్జీవోలు మనం చూడనివేం కాదు. కానీ పట్నంలోని పెద్ద సంస్థ నుంచి పల్లెలోని చిన్న సంస్థకు వచ్చే డబ్బు ఆగింది. కొత్తగా పట్టా తీసుకున్న పిల్లలకు మొదటి ఉద్యోగం ఇచ్చేది ఆ చిన్న సంస్థే. 2025లో అనంతపురంలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు)కి విదేశీ నిధుల అనుమతి రెన్యువల్ చిక్కులో పడితే జనం రోడ్డెక్కారు. 1969 నుంచి ఉన్న సంస్థ కాబట్టి రోడ్డెక్కారు. ముగ్గురు పనిచేసే చిన్న సంస్థ మూతపడితే ఎవరికీ తెలియదు.

పాఠం చెప్పేవాళ్లకూ ఇదే గతి. 2024 జూన్ చివర్లో టిస్ వందమందికి పైగా సిబ్బందికి కొలువులు అయిపోయాయని నోటీసులిచ్చింది. టాటా ఎడ్యుకేషన్ ట్రస్టు గ్రాంటు రాలేదన్నది కారణం. గోల జరిగి రెండు రోజుల్లో వెనక్కి తీసుకున్నారు. సోషల్ వర్క్ రంగం గ్రాంటు మీద ఎలా నడుస్తుందో విద్యార్థులకు ఇంతకన్నా బాగా ఏ సిలబస్సూ చెప్పలేదు.

## చట్టం పేరు పెట్టి అడిగే రెండు చోట్లు

కొన్నిచోట్ల మాత్రం చట్టమే ఈ పని పేరు ఎత్తుతుంది. ఒకటి ఫ్యాక్టరీ. 1948 ఫ్యాక్టరీల చట్టం 49వ సెక్షన్ ప్రకారం కనీసం 500 మంది పనిచేసే చోట వెల్ఫేర్ ఆఫీసర్ ఉండాల్సి వచ్చేది. లేబర్ వెల్ఫేర్ స్పెషలైజేషన్‌కు ఇన్నేళ్లుగా గిరాకీ ఉందంటే కారణం ఈ సెక్షనే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త కార్మిక స్మృతుల్లో (లేబర్ కోడ్లలో) ఆ సంఖ్య 250 అయింది. ఆఫీసరు ఉండాల్సిన ఫ్యాక్టరీల జాబితా దీంతో పెరుగుతుంది. అయితే ఆ కుర్చీ కోసం ఎంబీఏ హెచ్‌ఆర్ చదివినవాళ్లూ పోటీకి వస్తారు. అర్హతలు తేల్చేది నియమాలే. కాబట్టి లేబర్ వెల్ఫేర్ తీసుకునే పిల్లలు చూడాల్సింది స్మృతిని కాదు, దాని కింద రాష్ట్రం రాసే నియమాలను.

రెండోది మానసిక ఆరోగ్యం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్ అంటే ఎవరో నిర్వచించింది: సోషల్ వర్క్‌లో పీజీ, దాని మీద రెండేళ్ల ఫుల్‌టైం ఎంఫిల్. బెంగళూరు నిమ్‌హాన్స్‌లాంటి చోట్ల ఈ ఎంఫిల్‌కు స్టైపెండ్ కూడా ఉంటుంది. సోషల్ వర్క్‌లో 'ఈ పనికి ఈ చదువే కావాలి' అని ఇంత స్పష్టంగా చెప్పిన చోటు ఇంకోటి దొరకదు.

ఇప్పుడు మెలిక. జాతీయ విద్యావిధానం ప్రకారం యూజీసీ ఎంఫిల్‌ను రద్దు చేసింది. క్లినికల్ సైకాలజీ, సైకియాట్రిక్ సోషల్ వర్క్ రెండిటికే 2025-26 దాకా గడువిచ్చింది. ఒక చట్టం ఎంఫిల్ ఉండాలంటోంది, ఇంకో నిబంధన ఎంఫిల్ వద్దంటోంది. చట్టంలోనే 'లేదా నిర్దేశించిన ఇతర అర్హత' అన్న ముక్క ఉంది కాబట్టి దారి పూర్తిగా మూసుకోలేదు. అయినా ఇవాళ ఎంఎస్‌డబ్ల్యూ మొదటి ఏడాదిలో ఉండి ఈ దారి పట్టాలనుకున్న అమ్మాయికి, తన పై మెట్టు పేరేమిటన్నదే తేలని ప్రశ్న.

దీనికి పక్కనే 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల చట్టం ఉంది. క్లినికల్, సైకియాట్రిక్, మెడికల్ సోషల్ వర్కర్లను అది తన జాబితాలో చేర్చింది. హెల్త్‌కేర్ ప్రొఫెషనల్ అనిపించుకోవాలంటే 3,600 గంటల చదువు ఉండాలంది. 2025లో యూజీసీ ఈ చట్టం కిందికొచ్చే సైకాలజీ వంటి కోర్సులను దూరవిద్యలో ఆపేయమంది. మెడికల్, సైకియాట్రిక్ దారిలో వెళ్లాలనుకునేవాళ్లు దూరవిద్య ఎంఎస్‌డబ్ల్యూ తీసుకునే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

## కౌన్సిల్ కావాలా, వద్దా

డాక్టరుకు మెడికల్ కమిషన్, లాయరుకు బార్ కౌన్సిల్ ఉన్నాయి. సోషల్ వర్కర్ అనే పేరు మాత్రం మన దేశంలో ఎవరైనా పెట్టుకోవచ్చు. దీనికోసం జాతీయ కౌన్సిల్ పెట్టాలన్న ముసాయిదా 1990లలోనే తయారైంది కానీ చట్టం కాలేదు. సోషల్ వర్కర్ల సంఘాలు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాయి. వాళ్ల వాదన సూటిగా ఉంటుంది. పేరుకు రక్షణ లేకపోతే జీతానికీ రక్షణ ఉండదు, పోక్సో కేసులో పసిపిల్లతో ఎలా మాట్లాడాలో తెలియని మనిషిని కౌన్సెలర్ కుర్చీలో కూర్చోబెడితే నష్టం ఆ పిల్లకే.

ఎదుటివాదన చెప్పేవాళ్లు కూడా తేలిగ్గా తీసుకోదగ్గవాళ్లు కారు. సెర్ప్‌లో పనిచేసిన సంఘం ఆడవాళ్లనే తీసుకోండి. పదో తరగతి కూడా దాటని వాళ్లు కమ్యూనిటీ రిసోర్స్ పర్సన్లుగా వేరే రాష్ట్రాలకు వెళ్లి సంఘాలు కట్టి వచ్చారు. కౌన్సిల్ వచ్చి పట్టా లేనిదే పని లేదంటే మొదట బయటికి పోయేది వాళ్లే. దళిత, గిరిజన ఉద్యమాల నుంచి వచ్చిన కార్యకర్తల అనుమానమూ ఇదే: మా బతుకుల మీద పని చేయడానికి మాకే లైసెన్సు ఎవరిస్తారు?

నాకు మధ్యలో ఒక దారి కనిపిస్తుంది. ఊళ్లో సంఘం కట్టే పనికీ, ఆసుపత్రిలో ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషితో మాట్లాడే పనికీ ఒకే నియమం అక్కర్లేదు. రెండోదానికి పట్టా, రిజిస్ట్రేషన్ ఉండాలి. 2021 చట్టం అటువైపే అడుగు వేస్తోంది. ఆ గీత ఎక్కడ గీయాలన్న దాని మీద మాత్రం ఇంకా చాలా ఏళ్లు కొట్లాట నడుస్తుంది.

## విదేశం వెళ్తే లెక్క మారుతుందా

మారుతుంది, అన్ని చోట్లా లాభం వైపు కాదు. ఇంగ్లండ్‌లో 2005 నుంచి సోషల్ వర్కర్ అనే పేరుకు చట్ట రక్షణ ఉంది. రిజిస్టర్ కానివాళ్లు ఆ పేరు వాడకూడదు. మన ఎంఎస్‌డబ్ల్యూతో వెళ్లినవాళ్లు కూడా ముందు సోషల్ వర్క్ ఇంగ్లండ్ అనే నియంత్రణ సంస్థ దగ్గర నమోదు కావాలి. తలుపుకు తాళం ఉంది, తాళం తీసినవాళ్లకు లోపల జీతం ఉంది.

అమెరికాలో ఇందాక ఆపిన తేడా వస్తుంది. 2024 మే నాటి అక్కడి కార్మిక శాఖ గణాంకాల్లో సోషల్ వర్కర్ల మధ్యస్థ వార్షిక వేతనం 61,330 డాలర్లు. సోషల్ అండ్ హ్యూమన్ సర్వీస్ అసిస్టెంట్లది 45,120. కేటలాగులో పక్కపక్కనే కనిపించే కోర్సులు, ఫీజులో పెద్ద తేడా కూడా ఉండకపోవచ్చు. కానీ లైసెన్సుకు పనికొచ్చేది గుర్తింపు పొందిన సోషల్ వర్క్ డిగ్రీయే, హ్యూమన్ సర్వీసెస్ కాదు. మన పిల్లలకు దానిమీద ఇంకో చిక్కు. సోషల్ వర్క్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) జాబితాలో లేదు. కంప్యూటర్స్ చదివిన స్నేహితుడికి ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పనిచేసే అనుమతి, మొదటి ఏడాది మీద మరో రెండేళ్లు పొడిగింపు వస్తే, ఎంఎస్‌డబ్ల్యూ చదివినవాళ్లకు పన్నెండు నెలలతో సరి. అప్పు తీర్చే లెక్క ఆ పన్నెండు నెలల్లోనే తేలాలి.

అక్కడా ఫీల్డ్ వర్క్ ఉంది, ఇక్కడికన్నా ఎక్కువే. అమెరికా ఎంఎస్‌డబ్ల్యూలో కనీసం 900 గంటలు, ఆస్ట్రేలియాలో వెయ్యి. ఇన్ని గంటలు జీతం లేకుండా పనిచేయలేక మధ్యలో మానేస్తున్నారని అక్కడి విద్యార్థులు పోరాడారు. దాంతో ఆస్ట్రేలియా ప్రభుత్వం 2025 జులై నుంచి నర్సింగ్, టీచింగ్ విద్యార్థులతో పాటు సోషల్ వర్క్ విద్యార్థులకూ ప్లేస్‌మెంట్ రోజుల్లో వారానికి 300 డాలర్లకు పైగా ఇవ్వడం మొదలుపెట్టింది. ఇది అక్కడి వాళ్లకే, అదీ ఆదాయ పరిమితికి లోబడి. గుంటూరు నుంచో కరీంనగర్ నుంచో మెల్‌బోర్న్ వెళ్లిన విద్యార్థికి ఆ వెయ్యి గంటలూ సొంత ఖర్చే.

మా తమ్ముడికి ఇవన్నీ ఫోన్లో చెప్పలేదు. సీటు వదులుకోవద్దన్నాను, రెండో ఏడాదిలో స్పెషలైజేషన్ రాసిచ్చే ముందు రోజు నాకు ఒకసారి ఫోన్ చేయించమన్నాను.